సర్వర్ పడిపోతోంది

ఆవిడకో పేరుందన్న సంగతి ఆ క్యాంటీన్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో మొగుడికి తెలుసు గానీ, ఆయన "ఏమేవ్" తోనే కాలం గడిపేశాడు. అలా ఆ పేరు బీరువా అడుగున మడతపెట్టిన మంచి దుప్పటిలా ఉండిపోయింది. ఉందని తెలుసు, తీసి వాడేవాళ్ళు లేరు.

క్యాంటీన్లో అందరికీ ఆవిడ సర్వర్. "సర్వర్, రెండు టీ!" "సర్వర్, ఈ బల్ల ఎవరు తుడుస్తారు?" "ఏయ్ సర్వర్, చెముడా?" అని చెంచాతో గ్లాసు మీద టంగుటంగున కొట్టి మరీ పిలిచేవాళ్ళు. చెముడేం కాదు. గ్లాసు కొట్టినవాళ్ళకి టీ అందరికన్నా ఆఖర్న, అదీ చల్లారాక వెళ్ళేది. అది ఆవిడ పెట్టిన చట్టం. దానికి అప్పీలు లేదు.

ఊరంతటికీ కుళాయి నీళ్ళిచ్చే ఆఫీసు అది. కొత్త కుళాయి కావాలన్నా, పాత కుళాయికి పేరు మార్పించుకోవాలన్నా, నీళ్ళు రావడం లేదని మొత్తుకోవాలన్నా అక్కడికే రావాలి. పై అంతస్తుల్లో కంప్యూటర్లు, కింద క్యాంటీను. వంటగదికీ హాలుకీ మధ్య గోడలో ఓ చదరపు కన్నం ఉండేది, దాన్ని కిటికీ అనేవాళ్ళు. వండింది ఆ కిటికీలోంచి ఇవతలికి వచ్చేది, ఎంగిలి గిన్నెలు అవతలికి పోయేవి. మధ్యలో ఆవిడ. ఎడమ అరచేతి మీద ట్రే, అదే చేతి మీద మోచేతి దాకా ప్లేట్ల వరస, కుడిచేతిలో నీళ్ళ జగ్గు. చదువు మూడో క్లాసులోనే ఆగిపోయింది గానీ బుర్ర ఆగలేదు. ఎవరికి చక్కెర తక్కువ, ఎవరికి ఉప్పు పడదు, ఎవరు అడిగింది తిని అడగలేదని బుకాయిస్తారు, అంతా తలలోనే.

ఆవిడకి ముందు ఆ పని చేసినవాడు ఓ పొడుగాటి మనిషి. తాగొచ్చేవాడు, టీలో బొటనవేలు ముంచి మరీ అందించేవాడు. అయినా "సర్వర్ గారొచ్చారా?" "ఆయన ఇంకా రాలేదండీ" అనేవాళ్ళు. మగాడు మరి, మీసాలకి ఆ మాత్రం మర్యాద ఉండొద్దూ! ఆయన మానేశాక ఈవిడ చేరారు. చేరిన పూటే క్యాంటీన్ సూపర్వైజరు కిటికీలో తల దూర్చి వంటాయనతో, "కొత్త సర్వర్ వచ్చింది, చూసుకో" అన్నాడు. కొత్త రుబ్బుడు మిషను వచ్చింది, చూసుకో అన్నట్టే అన్నాడు. ఈవిడ విన్నారు. కానీ అప్పటికే చేతిలో ట్రే పెట్టేశారు. నిండు ట్రే పట్టుకున్న మనిషి పోట్లాడలేదు. నమ్మకపోతే పట్టుకుని చూడండి.

ఆ సూపర్వైజరుని వెనకాల అందరూ తాళాలు అనేవాళ్ళు. చక్కెర డబ్బా బీరువాకి తాళం, సబ్బుల అలమరకి తాళం, ఆఖరికి చీపుళ్ళ గదికి కూడా తాళం. అన్నీ గుత్తి కట్టి నడుముకి వేలాడేసుకుని, ఎద్దు మెడలో గంటల్లా గలగలలాడించుకుంటూ తిరిగేవాడు. ఆ గలగల వినపడిందంటే గిన్నెలు తోమే ఆవిడ గొంతు తగ్గించేవారు. సర్వరమ్మ పెంచేవారు.

పైన నెట్‌వర్క్ పడిపోయిందంటే కింద ఆవిడకి చేతినిండా పని. దడి తీసిన గొర్రెల్లా జనం మెట్లు దిగి వచ్చిపడేవాళ్ళు. "నెట్ లేదు, టీ పట్రా." "సిస్టమ్ హ్యాంగ్ అయింది, రెండు బన్నులు పట్రా." ఇంతింత చదువులు చదివి, ఓ తీగ పనిచెయ్యకపోతే చేతులు ముడుచుక్కూచోవడమేమిటో ఆవిడకి అంతుపట్టేది కాదు.

"నాకీ చెయ్యి నొప్పెడితే ఆ చేత్తో పట్టుకుంటాను ట్రే. వీళ్ళకి ఇంకో చెయ్యి లేదా?" అనేవారు గిన్నెలావిడతో.

"వాళ్ళకున్నది ఒకటే వేలు వదినా. ఆ మౌస్ అనే ఎలకని గోకే వేలు" అని గిన్నెలావిడ సబ్బు నురగలోనే నవ్వేవారు.

ఇక్కడ నీళ్ళ సంగతొకటి చెప్పుకోవాలి. దీపం కింద చీకటంటారే, అలాగ ఊరందరి కుళాయిలూ చూసే ఆ ఆఫీసులో, గిన్నెలు తోమే తొట్టి కింద గొట్టం కారేది. బొట్టు బొట్టుగా కారి, కిటికీ ముందుకి మడుగు కట్టేది. సర్వరమ్మ తాళాలాయనకి చెప్పారు. "పైకి రాసి పంపాలి" అన్నాడు. మళ్ళీ చెప్పారు. "రాశాను" అన్నాడు. మళ్ళీ చెప్పారు. "నీకు మాత్రమే తడిగా కనిపిస్తుందేమిటి?" అన్నాడు. ఆఖరికి దాని మీద ఓ గోనెసంచి పరిచి, ఏదో ఆనకట్ట కట్టినవాడిలా చేతులు దులుపుకున్నాడు.

ఓ మధ్యాహ్నం ఆ సంచి జారింది. సంచితో పాటు ఆవిడ, ఆవిడతో పాటు ట్రే నిండా గ్లాసులూ. హాలంతా ఒక్కసారి అటు తిరిగింది, తిరిగి చూసింది, చూసి మళ్ళీ ముద్దలో పడింది. గిన్నెలావిడ తడిచేతులతో పరుగెత్తుకొచ్చే లోపల ఆవిడే కిటికీ గట్టు పట్టుకుని లేచారు. గలగలమంటూ తాళాలాయన వచ్చాడు.

"ఎన్ని పగిలాయి?"

"గ్లాసులా, ఎముకలా?"

"గ్లాసులే."

"అయితే వంగి ఏరుకోండి. మీకే తెలుస్తుంది."

అని ఇంకో ట్రే ఎత్తుకుని వెళ్ళిపోయారు. నడుం పట్టేసింది గానీ ఆ పూట ఒక్క బల్లా ఆకలితో లేవలేదు. పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారు. పడ్డది ఒకే ఒక్కసారి, ఆ ఒక్కసారే. ఇది గుర్తుపెట్టుకోండి, అసలు గొడవంతా దీని మీదే.

అది జరిగిన కొన్నాళ్ళకి పైన నెట్‌వర్కుకి ఏదో రోగం పట్టుకుంది. పొద్దున పడేది, లేచేది, మళ్ళీ పడేది. క్యాంటీను కిటకిటలాడిపోయేది. ఆఫీసు పెద్దసారు, కంప్యూటర్లు చూసుకునే ఆవిడా (ఆవిడని కంప్యూటరమ్మ అనేవాళ్ళు) మూల బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు తలలు పట్టుకుని మాట్లాడుకున్నారు. తాళాలాయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దసారు వచ్చాడంటే చాలు, ఆ మనిషి కట్టుకున్న చేతులు విప్పడు. సర్వరమ్మ అప్పుడు అవతలి కొసని వడ్డిస్తున్నారు.

సాయంత్రం బల్లలు తుడిచి, ట్రేలు బోర్లించాక తాళాలాయన ఆవిడని పిలిచాడు.

"రేపట్నుంచి నువ్వు రావక్కర్లేదు."

"ఏం, రేపు సెలవా?"

"సెలవు నీకే. పెద్దసారు తీసెయ్యమన్నారు. నా చెవుల్తో విన్నాను. 'సర్వర్‌కి వయసైపోయింది, రోజూ పడిపోతోంది, లోడు మొయ్యలేకపోతోంది, తీసేసి కొత్తది పెట్టండి' అన్నారు. నేను సరే సార్ అన్నాను. నేనేం చెయ్యను?"

వయసైపోయిందంటే ఆవిడ ఊరుకునేవారేమో. అయింది మరి, కాకుండా ఎవరికి ఆగింది? లోడు మొయ్యలేదంటే, నాలుగు తిట్లతో సరిపెట్టేవారేమో. కానీ ఆ రెండో మాట దగ్గర ఒళ్ళంతా భగ్గుమంది.

"రోజూనా? నేను రోజూ పడ్డానా?"

"అన్నది నేను కాదు."

"మీరు చూశారుగా, పడింది ఒక్కసారే కదా! మరి మీరేమన్నారు అప్పుడు?"

"చెప్పాను కదా, సరే సార్ అన్నాను."

ఆవిడ ఏప్రాన్ విప్పి, మడత పెట్టకుండా, కారుతున్న ఆ గొట్టం కింద పడేసి వెళ్ళిపోయారు.

ఇంటి దగ్గర మొగుడు ముందుగదిలో కుట్టుమిషను మీద ఉన్నాడు. కొత్త బట్టలు కుట్టే ఓపిక పోయి, పొడుగైన ప్యాంట్లు పొట్టి చెయ్యడం, బిగుసుకున్న నడుములు వదులు చెయ్యడం, ఇవే ఇప్పుడాయన పనులు. తలుపు దభాలుమనేసరికి పళ్ళ మధ్య సూది తీసి, "ఆ తలుపు నీకేం అపకారం చేసింది?" అన్నాడు.

"నన్ను తీసేశారయ్యా. రోజూ పడిపోతున్నానట!"

మిషను చక్రం ఆగింది. "రోజూనా? నాతో చెప్పనే లేదే."

"చెప్పడానికి పడితే కదా!"

"ఓహో" అని ఆయన ఆ సూదిని దారం చుట్టకి గుచ్చాడు. "పోనీలెద్దూ. ఆ మోకాళ్ళూ అరిగిపోయాయి. ఇంట్లో కూర్చో."

"కూర్చుంటాను. నేను కూర్చోవాలనుకున్ననాడు, నా ట్రే నేను దించి, కూర్చుంటాను. పడిపోతోందని ఎవరో పక్కకి దొర్లించేస్తే కూర్చోను. రేపు మళ్ళీ ఎక్కడికన్నా వెళ్ళి పనడిగితే ఏమంటారు? 'ఆవిడా? రోజూ పడిపోతుందటగా' అనరూ? వీధిలో కాస్త కాలు మడతపడ్డా, 'అదిగో మొదలైంది' అనరూ?"

"అయితే ఏం చేస్తావ్?"

"పెద్దసారు దగ్గరికి పోతాను. రోజూ అన్న మాట వెనక్కి తీసుకోమంటాను. తీసుకున్నాక ఆ ఉద్యోగం వాళ్ళ మొహానే కొడతాను."

"ముందు ఉద్యోగం వెనక్కి తీసుకో, తరవాత మొహాన కొడుదువు గాని. చేతిలో లేనిదాన్ని ఎలా విసురుతావ్?"

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. ఆ రాత్రి ఇంట్లో గిన్నెలన్నీ గట్టిగట్టిగా చప్పుడు చేశాయి.

తెల్లారి మంచి బట్టలు కట్టుకుని, చెప్పులు తుడుచుకుని, ఆఫీసుకి క్యాంటీన్ దారిన కాకుండా ముందు గుమ్మంలోంచి వెళ్ళారు. తాళాలాయన ఎదురొచ్చాడు.

"మళ్ళీ నువ్వెందుకొచ్చావ్?"

"కుళాయికి దరఖాస్తు పెట్టుకోడానికి. తప్పుకోండి, దారికి కూడా తాళం వేస్తారా?"

మెట్లెక్కారు. పెద్దసారు గది ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గర బంట్రోతు, "సారు కంప్యూటర్ రూములో ఉన్నారమ్మా. సర్వర్‌ని మారుస్తున్నారు" అన్నాడు.

ఆ మాట వినేసరికి ఆవిడకి కళ్ళు ఎర్రబడ్డాయి. ఓహో, నా బదులు ఇంకోదాన్ని తెచ్చి, పైన ఏసీలో కూర్చోబెట్టి మరీ మాట్లాడుతున్నారన్న మాట! నన్ను చేర్చుకున్ననాడు తొట్టి పక్కన నిలబెట్టి మాట్లాడారు. వడివడిగా వెళ్ళి ఆ గది తలుపు తోశారు.

లోపల చలి కొరికేస్తోంది. బీరువా అంత ఇనప చట్రం, దాన్లోంచి కిందికి జారుతున్న తీగలు. వాటి ముందు కంప్యూటరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. పెద్దసారు చంకల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నేల మీద ఓ నల్లటి పెట్టె, దుమ్ము కొట్టుకుపోయి. ఇంకో మనిషి జాడ లేదు.

"ఏం సారూ, నేను రోజూ పడ్డానా?"

పెద్దసారు తిరిగి చూశాడు. "ఎవరమ్మా నువ్వు?"

రోజూ రెండు పూటలా ఈవిడ చేతి టీ తాగే మనిషి! సర్వరమ్మ కుడిచెయ్యి చాచి ఆయన మొహం ముందు పెట్టారు. "మొహం గుర్తులేకపోతే చెయ్యి చూడండి. మీకు టీ గ్లాసు అందించే చెయ్యి ఇదే. మీరు తల ఎత్తితే కదా మిగతా మనిషి కనపడేది. నేను సర్వర్‌ని."

పెద్దసారూ కంప్యూటరమ్మా మొహమొహాలు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ కలిసి నేల మీది పెట్టె వంక చూశారు.

"సర్వర్‌కి వయసైపోయింది, రోజూ పడిపోతోంది, తీసేసి కొత్తది పెట్టండి అన్నారా లేదా?"

"అన్నాను. అన్నాను గానీ..." పెద్దసారుకి మాట మధ్యలోనే నవ్వు పొంగింది. నీళ్ళ గొట్టంలో గాలి ఇరుక్కున్నట్టు బుడబుడమన్నాడు. కంప్యూటరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"మీ గురించి కాదమ్మా. దీని గురించి. దీన్నే సర్వర్ అంటారు" అన్నారు కంప్యూటరమ్మ.

"ఈ పెట్టెనా?"

"ఈ పెట్టెనే. బయట బల్లల మీద ఉన్న కంప్యూటర్లన్నీ ఈ తీగల్తో దీనికి కట్టేసి ఉంటాయి. ఆ అల్లికే నెట్‌వర్క్. ఎవరికేం కావాలన్నా దీన్నే అడుగుతారు, ఇది తెచ్చి ఇస్తుంది. అడిగేవి క్లయింట్లు, ఇచ్చేది సర్వర్. ఇది పడితే అందరి చేతులూ పడిపోయినట్టే." అని పక్కనున్న తెర చూపించారు. "ఇదిగో, ఇది విండో. ఇందులోంచే అడగడం, ఇందులోంచే అందుకోవడం."

"విండో అంటే కిటికీయేగా?"

"కిటికీయే. దీని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి ఎన్నయినా తెరుచుకోవచ్చు. ఈ చిన్న బొమ్మలు ఐకాన్లు. ఇక్కడ నొక్కితే దిగేది మెనూ..."

"మెనూయా?"

"అవును. ఈ అడుగున మూలనున్నది ట్రే..."

"ట్రే కూడానా!" సర్వరమ్మ గొంతు పెరిగింది. "కిటికీ మాది, మెనూ మాది, ట్రే మాది, సర్వర్ని నేను. మా వంటింటి మాటలన్నీ మూటగట్టుకుని పైకి మోసుకొచ్చేసి, ఇప్పుడు నా పేరు చెప్తే ఇద్దరూ నవ్వుతారా? గరిటె ఒక్కటీ వదిలేశారేం? దానికీ ఏదో ఓ తీగ తగిలించండి, ఓ పనైపోతుంది!"

వాళ్ళు ఇంకా నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు, ఆ పెట్టె వంక చూస్తున్నారు.

"ఇది పడినప్పుడు మీరేం చేశారమ్మా?"

"లేపాం. మళ్ళీ పడితే మళ్ళీ లేపాం."

"తిట్టారా?"

"దాన్ని తిట్టి ఏం లాభం? ఎందుకు పడుతోందో చూశాం. లోడు ఎక్కువైందేమో, వేడెక్కిందేమో అని..."

"అందుకని దీనికి ఈ చలిగది. కింద నీటిచుక్క కూడా పడనివ్వరేమో?"

"అమ్మో, తడి తగిలితే ఇంకేమన్నా ఉందా!"

"బాగుంది. ఇది పడితే ఇంత పెద్దసారు తన గది వదిలి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎందుకు పడ్డావమ్మా అని అడిగి, లేపి, లోడు తగ్గించి చూశారు. నేను పడితే వచ్చి గ్లాసులు లెక్కపెట్టారు. దీనికి పొడి నేల, నాకు తడి గోనెసంచి. ఈ పెట్టెగా పుట్టినా బాగుండును."

అప్పటికి గది లోపల నవ్వు సగం చచ్చింది. పెద్దసారు తాళాలాయనకి కబురు పెట్టాడు. గలగలమంటూ వచ్చాడు, గుమ్మంలోనే చేతులు కట్టేసుకున్నాడు.

"ఏమయ్యా, ఈమెని తీసెయ్యమని నీకెవరు చెప్పారు?"

"మీరే సార్. నిన్న బల్ల దగ్గర. నేను సరే సార్ అన్నాను కదా."

"నువ్వు సరే అన్నది టీ తెస్తాననేమో అనుకున్నానయ్యా!"

సంగతి విని తాళాలాయన ముందు తెల్లబోయాడు. తరవాత వాళ్ళు నవ్వుతున్నారు గనక తనూ నవ్వాడు. నవ్వడం చేతకాని మనిషి, తాళాల గుత్తి అంతా నవ్వింది. "పొరపాటైపోయింది సార్" అని ఆవిడ వైపు తిరిగాడు. "నువ్వు అలా ఎందుకు నిలబడ్డావ్? అయిపోయిందిగా. వెళ్ళు, వెళ్ళి ట్రే పట్టుకో."

సర్వరమ్మ కదల్లేదు. ఇన్నేళ్ళూ ఆయన్ని "మీరు" అన్న మనిషి, ఆ చలిగదిలో మొదటిసారి మాట మార్చారు.

"ఒరేయ్ నాయనా, ఒక్కటి అడుగుతాను చెప్పు. నాకు ముందు ఆ పొడుగాయన ఉండేవాడే, తాగొచ్చి టీలో వేలు ముంచేవాడు. ఆయన ఉన్న రోజుల్లో ఇదే మాట విన్నావనుకో, సర్వర్ రోజూ పడిపోతోంది అని. ఆయన గురించి అనుకునేవాడివా?"

తాళాలాయన పెద్దసారు వంక చూశాడు.

"అనుకోవు. నిజంగానే రోజూ పడేవాడు, అయినా అనుకోవు. ఆయనైతే 'పడిపోతున్నారు' కదా! 'పడిపోతోంది' అని వినపడితే, ఏదో పెట్టో బల్లో పాడైందనుకుని నీ దారిన నువ్వు పోయేవాడివి. మరి నా మీదికెలా వచ్చింది నీ బుద్ధి? నేను చెప్తాను విను. చేరిన పూట నుంచీ నీ నోట్లో నేను 'వచ్చింది', 'పోయింది', 'పడింది'. ఒక్కనాడు, తప్పిపోయి ఒక్కనాడు 'వచ్చారు' అని ఉంటే, 'పడిపోతోంది' ఈవిడ గురించి కాదురా అని నీ చెవే నీకు చెప్పేది. పొరపాటు నిన్న చెయ్యలేదు నువ్వు. ఇన్నేళ్ళూ చేశావు. నిన్న బయటపడింది, అంతే."

కంప్యూటరమ్మ తల వంచుకుని తీగలు సర్దుతూ, "నన్నూ అంతేగా. కంప్యూటర్ వచ్చిందా అని అడుగుతారు, నేనో మిషనో తెలీదు" అన్నారు, ఎవరితోనూ కానట్టు.

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "సరే సరే. పొరపాటు ఒప్పుకుంటున్నాడుగా. ఇప్పుడేం కావాలి నీకు..." అని ఆవిడ చూపు చూసి మింగాడు. "మీకు."

"నేను రోజూ పడలేదని కింద అందరి ముందూ ఈయన చెప్పాలి. ఎందుకు పడ్డానో కూడా చెప్పాలి. ఇప్పుడు మీరు మింగి మరీ అన్నారే ఆ మాట, దాన్నీ కిందకి పంపించండి. అక్కడ కొరతగా ఉంది."

ఆవిడ దిగి వచ్చేసరికి కబురు ముందే దిగిపోయింది. కొత్త పెట్టెకి తీగలు కట్టడం ఇంకా అవలేదు, పైన నెట్ లేదు. జనమంతా క్యాంటీన్లోనే. ఆవిడ కనపడగానే మొదలు.

"సర్వర్ అప్ అయిందిరోయ్!"

"రీస్టార్ట్ చేశారా సర్వర్? ఏ బటన్ నొక్కారేం?"

ఎవడో చెంచాతో గ్లాసు కొట్టాడు. ఆవిడ ఆ గొంతులన్నీ గుర్తుపెట్టుకున్నారు. వంటగదిలోకి వెళ్ళలేదు. హాలు మధ్యలో, టీ తాగేవాళ్ళు కూర్చునే కుర్చీ ఒకటి లాక్కుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

కిటికీలోంచి తాళాలాయన తల బయటికొచ్చింది. జనం ఒత్తిడికి పాత అలవాటే నోట్లోంచి ఊడిపడింది. "సర్వర్ వచ్చిందా?"

"వచ్చింది" అన్నారు ఆవిడ, కూర్చున్నచోట నుంచే, హాలంతా వినపడేలా. "పైన చలిగదిలో పెట్టారు. వెళ్ళి అడగండి, టీ ఇస్తుందేమో."

ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్ళకి నవ్వు రాలేదు, టీ కావాలి. లోపల కాగిన టీ కాగినట్టే ఉంది, గట్టు మీద బన్నులు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. తాళాలాయన తనే ఓ ట్రే ఎత్తాడు. సగం దూరం రాకుండానే గ్లాసులు ఒకదాన్నొకటి తన్నుకున్నాయి. మళ్ళీ పట్టుకెళ్ళి పెట్టేశాడు. కిటికీకి అవతల గిన్నెలావిడ కుళాయి కట్టేసి, తడిచేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డారు. ఈయన గలగలకి ఈసారి గొంతు తగ్గించలేదు. "వదిన ఓ మాట కోసం చూస్తున్నారు. పిలవండి మరి" అన్నారు.

"ఏదో ఒకటి తేల్చవయ్యా, గొంతులెండిపోతున్నాయి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

తాళాలాయన మొహం రుబ్బిన మిరపకాయలా అయింది. గట్టు పట్టుకున్నాడు.

"సర్వర్ గారు... వచ్చారా?"

"వచ్చారు. తరవాత?"

"ఆవిడ రోజూ పడలేదు. ఒక్కసారే పడ్డారు. నేల తడిగా ఉండి."

"ఎందుకుంది తడిగా?"

"గొట్టం కారి."

"ఎవరికి చెప్పారట ఆవిడ?"

"నాకు."

నీళ్ళ ఆఫీసు జనం అంతా ఆ గొట్టం వంక చూశారు, మొదటిసారి. వాళ్ళలో గొట్టాలు బిగించడమే ఉద్యోగమైనవాళ్ళు కూడా ఉన్నారు, రోజూ ఆ మడుగు దాటి వచ్చి భోంచేసినవాళ్ళే. వాళ్ళలో ఒకాయన, సిగ్గేసిందో టీ త్వరగా వస్తుందనుకున్నాడో, లేచి తొట్టి కింద దూరాడు.

సర్వరమ్మ లేచారు. గొట్టం కింద తడిసిన ఏప్రాన్ పిండి, కిటికీ గట్టు మీద తాళాలాయన చేతుల పక్కనే ఆరేశారు. ఉతికినది కట్టుకుని ట్రే ఎత్తారు. కోపం ఇంకా చల్లారలేదు. పళ్ళ సందులోంచి వచ్చిన మర్యాద ఎన్నాళ్ళుంటుందో ఆవిడకి తెలియక కాదు. మర్నాడు మళ్ళీ "వచ్చింది" అంటే మళ్ళీ కుర్చీ లాక్కుంటారు, అంతే.

ఆ పూట టీ అందరికీ వేడిగా వెళ్ళింది, గ్లాసు కొట్టినవాడికి తప్ప. మొదటి గ్లాసు పైకి, కంప్యూటరమ్మకి వెళ్ళింది. పెద్దసారుకి కూడా పంపారు, చక్కెర మరిచిపోయి. తాళాలాయనకి మాత్రం రాలేదు. రెండుసార్లు అడిగి, మూడోసారి "నా టీ ఏదండీ?" అని కాస్త మెత్తగా అడిగాడు.

"హ్యాంగ్ అయింది" అన్నారు సర్వరమ్మ, ఆయన పక్క నుంచి ట్రే మోసుకుపోతూ. "ఆగండి."